తూము చెప్పు మాట

మురుగునీటినిగూర్చి వ్రాయుట స్త్రీల పత్రికకు తగునా యని మీలో కొందఱు ముక్కుమీద వ్రేలు వేసికొందురేమో. మేమును మొదట నట్లే సంకోచించితిమి. కాని యింటిలో వంటచేయువారమును, అంట్లు తోమువారమును, మంచము పట్టినవారికి ఒడలు తుడుచువారమును మనమే కదా! ఇంటినుండి బయటికి పోవు నీరంతయు మన చేతులమీదుగానే పోవుచున్నది. దానినిగూర్చి మాటాడుటకు మనకంటె దగినవారెవ్వరు? అదియునుగాక, ఈ విషయమున మేము చేసిన తప్పొకటి కలదు. దానిని చెప్పుకొనుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మా తండ్రిగారు మాకు అమరమును, రఘువంశమును, భారతమును ఇంటియందే చెప్పిరి. మా నాయనమ్మ స్తంభమునకు చేరగిలబడి యా పాఠములు వినుచుండెడిది. ఆమెకు అక్షరము రాదు. కాని యామె చదువుకొన్న పుస్తకము వేఱొకటి యుండెను. అది మా పెరటి తూము. ప్రతిదినమును తెల్లవాఱగనే పెరటిలోనికి పోయి, తూమునొద్ద ఒకింతసేపు నిలిచి, గతరాత్రి యింటిలో జరిగినదంతయు తెలిసికొని వచ్చెడిది. మెతుకులు కనబడినచో కోడలెవతెయో అన్నము పాఱబోసినదనియు, కషాయపు పిప్పి కనబడినచో ఎవరికో రొంప పట్టినదనియు పసికట్టెడిది. ఒకనాడు తాతగారు వాడుకొను తూముచుట్టును చీమలు బారులు తీరియుండుట చూచి, "మీ తాతగారికి అతిమూత్రపు జబ్బు వచ్చినదే!" యని నొచ్చుకొనెను. తాతగారు వినిపించుకొనలేదు. వైద్యుడు రక్తము పరీక్షించి అది నిజమని చెప్పినపిమ్మట గాని, ఆయన రహస్యముగా బెల్లపుగడ్డలు నోట వేసికొనుచుండిన సంగతి బయటపడలేదు. "మనిషి దాచును గాని తూము దాచదే, అమ్మడూ!" యని యామె మాతో ననెను. ఆ మాటయొక్క లోతు మాకు ముప్పదియైదేండ్ల వయసున గాని తెలియలేదు.

రెండేండ్లక్రిందట మా యత్తగారికి ఊపిరితిత్తులలో నెమ్ము చేరినది. మా యూరి వైద్యులు తమవలన గాదనగా, పట్టణములోని యొక పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోతిమి. అచ్చట ఐ.సి.యూ.లో పందొమ్మిది దినములుంచిరి. ఆమె మిక్కిలి మడి పాటించు మనిషి. ఒకరు త్రాగిన చెంబు ముట్టదు. వీధినుండి వచ్చిన మనుమలను కాళ్లు కడుగుకొననిదే గడప దాటనీయదు. అట్టి యామె మెడనరములో నొక గొట్టము, మూత్రమునకొక గొట్టము, ముక్కులో నొక గొట్టముతో నెవరెవరి చేతులలోనో పడియుండెను. నెమ్ము తగ్గెను గాని జ్వరము మరల నెక్కెను. పండ్రెండవనాడు యువకుడైన యొక వైద్యుడు మమ్ము బయటికి పిలిచి, "రక్తములో శిలీంధ్రము కనబడినదమ్మా. క్యాండిడా ఆరిస్ అని పేరు. సాధారణముగా నిచ్చు మందునకు లొంగదు" అని చెప్పెను.

బూజు అనగా మనకు తెలిసినది ఊరగాయజాడీమీద పట్టునదియు, వానకాలమున చెప్పులమీద పట్టునదియు. అది మనుష్యుని రక్తములో పెరుగుననియు, మందును లెక్కచేయదనియు మేమెన్నడును వినలేదు. పరీక్షిన్మహారాజు ఒంటిస్తంభపు మేడలో కావలి పెట్టుకొని కూర్చుండగా తక్షకుడు పండులోని పురుగై లోపలికి వచ్చెను గదా! అద్దపుతలుపులును, చెప్పులు విప్పుడను పలకలును, కాపలావాడును గల యా గదిలోనికి ఇది యే చేతివెంట, ఏ పరికరమువెంట వచ్చినదో ఎవ్వరును చెప్పలేకపోయిరి.

తరువాత మేము అడిగియు చదివియు తెలిసికొన్నది యిది. ఈ శిలీంధ్రమును 2009లో జపాను దేశమున ఒక వృద్ధురాలి చెవినుండి తీసి మొదట వర్ణించిరి. ఆరిస్ అనగా లాటినుభాషలో చెవి యని యర్థము. ఇప్పుడది మన దేశముతోగూడ పెక్కు దేశముల ఆసుపత్రులలో నున్నది. ఆరోగ్యవంతులకు దీనివలన కలుగు భయము మిక్కిలి తక్కువ. గొట్టములతో మంచమున పడియున్నవారికిని, బహుదినములు ఆసుపత్రిలో నుండువారికిని ఇది మృత్యువు. చర్మముమీద చేరి, ఏ బాధయు కలిగింపక నెలలకొలది యుండగలదు. మంచపుపట్టెమీదను, జ్వరమాపినిమీదను వారములకొలది జీవించును. ఆసుపత్రులలో నేలతుడుచుటకు వాడు మందులు కొన్ని దీనిని చంపవు. క్లోరిను కలిసిన బ్లీచింగుద్రవము చంపును. అమెరికా ప్రభుత్వపు వ్యాధినివారణ కేంద్రము చెప్పినదానినిబట్టి, అచ్చట దొరకిన వానిలో నూటికి సుమారు 90 ఫ్లూకొనజోలునకును, సుమారు 30 ఆంఫోటెరిసిన్-బికిని లొంగవు. ఎకినోకాండిన్ జాతి మందులకు లొంగనివి నూటికి అయిదుకంటె తక్కువ. అనగా చేతిలో మిగిలిన కత్తి దాదాపు ఒక్కటే. 2022 అక్టోబరులో ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించిన ప్రమాదకర శిలీంధ్రముల పట్టికలో ఇది అన్నిటికంటె పై తరగతిలో నున్నది.

మా యత్తగారికి ఆ చివరి జాతి మందునే నరముద్వారా నెక్కించిరి. మా వారి రెండునెలల జీతము దానికే చెల్లిపోయెను. దైవానుగ్రహమున రక్తము శుభ్రపడెను. ఇంటికి పంపునపుడు వైద్యులు, "చర్మముమీద నింకను ఉండవచ్చును, ఏ యాసుపత్రికి పోయినను ఈ సంగతి మొదట చెప్పుడు" అని యొక కాగితము వ్రాసి యిచ్చిరి.

ఇక మా తప్పు చెప్పుచున్నాము. ఆమె వీపున పడిన పుండ్లకు కట్లు కట్టించుటకై మా యూరిలోని యొక చిన్న ఆసుపత్రిలో చేర్పింపవలసివచ్చెను. అంతకుముందు రాత్రి బంధువొకరు, "ఆ కాగితము చూపితిరా, మంచమియ్యరు. ఊరిలో మాట పొక్కినచో మీ గడప నెవ్వరును త్రొక్కరు" అనిరి. మేము ఆ కాగితమును కట్టలోనుండి తీసి, భారతము ఆదిపర్వములో పెట్టి, పుస్తకమును బీరువాలో దాచితిమి. మా వారు చూచి మాట్లాడలేదు. నిజము చెప్పవలెనని దినదినమును పిల్లలకు బోధించు ఆయన మౌనము మాకు సమ్మతివలె తోచినది.

ఆ యాసుపత్రిలో మా యత్తగారి ప్రక్కమంచమున మూత్రపిండముల జబ్బుతో నొక ముసలామె యుండెను. డయాలిసిస్‌కొఱకు ఆమె మెడవద్ద గొట్టము పెట్టియుండిరి. ఆమె కూతురు మంచి పిల్ల. మేము భోజనమునకు పోయినపుడు మా యత్తగారికి నీళ్లు పట్టెడిది, దుప్పటి సర్దెడిది, ఆ చేతులతోనే పోయి తన తల్లి నొత్తుకొనెడిది. ఒకటే జ్వరమాపిని ఇద్దఱికిని తిరుగుచుండెను. రెండురాత్రులు మాకు కన్ను మూతపడలేదు. మూడవనాటి యుదయమున ఇంటికి పోయి, పుస్తకము తెఱచి, కాగితము తెచ్చి వైద్యుని బల్లమీద పెట్టితిమి.

ఆయన చదివి కొంతసేపు ఊరకుండెను. మమ్ము తిట్టినచో బాగుండెడిది. "మొదటినాడే చెప్పినచో చివరి గది యిచ్చియుందును గదమ్మా!" అని మాత్రము పలికి, దాదులను పిలిచి, మా యత్తగారిని వేఱు గదికి మార్పించెను. ఆ ముసలామె చంకలనుండియు గజ్జలనుండియు దూదితో నద్ది పరీక్షకు పంపిరి. ఫలితము వచ్చుటకు అయిదు దినములు పట్టినది. ఆ పిల్ల మా ముఖము చూడలేదు. మేము ఆమె ముఖము చూడలేకపోతిమి. ఆమె తల్లికి సోకలేదని తెలిసిననాడు మేము దేవునిగదిలో కూర్చుండి యేడ్చితిమి. అది మా పుణ్యము గాదు, ఆమె యదృష్టము.

ఈ సంగతి జరిగిన కొన్నినెలలకు మా వారు బడిలో విజ్ఞానపాఠమునకై చదువుచు, ఒక విశేషము కనుగొని యింటికి వచ్చి చెప్పిరి. అమెరికాలో లాస్ వేగాస్ నగరముగల దక్షిణ నెవాడాలో 2021లో ఈ శిలీంధ్రము ఆసుపత్రులలో చెలరేగినదట. 2022 మే మొదలు జులై వఱకు పరిశోధకులు అచ్చటి ఏడు మురుగుశుద్ధి కేంద్రములనుండి 91 నీటి నమూనాలు తీసి పరీక్షింపగా, 72 నమూనాలలో అది కనబడినది. వ్యాధి చెలరేగిన ఆసుపత్రుల మురుగు వచ్చి చేరు కేంద్రముల నమూనాలలో నూటికి 94, తక్కినవానిలో నూటికి 20 చొప్పున పట్టుబడినదట.

"రోగి రక్తములోనిది కాలువలోనికెట్లు వచ్చును?" అని మేమడిగితిమి.

"నీవు మా యమ్మకు ఒడలు తుడిచిన నీరెక్కడికి పోయినది?" అని వారు ప్రశ్నించిరి. ఆ తోడనే మాకు సర్వము బోధపడినది. రక్తముతో పనిలేదు, చర్మముమీద నున్నది స్నానపునీటితోను, మలమూత్రములలో నున్నది మరుగుదొడ్డినీటితోను కలిసి పోవును. శుద్ధికేంద్రమునకు వచ్చిన మురుగును, ఇంకను శుభ్రపఱుపకమునుపే, సీసాలో పట్టుదురు. అందలి సూక్ష్మపదార్థమును చిక్కజేసి, దానిలోని జన్యుపదార్థమును వేఱుచేయుదురు. ఈ శిలీంధ్రమునకే ప్రత్యేకమైన జన్యులిపి యందున్నదేమో పి.సి.ఆర్. యను పరీక్షతో వెదకుదురు. ఉన్నచో ఎంత యున్నదో లెక్కింతురు. బ్రదికియున్నదానిని ఆ నీటినుండి ప్రత్యేకముగా పెంచగలిగినచో, ఏ మందునకు లొంగును, దేనికి లొంగదు అనికూడ చూడవచ్చును. చేతిలో మిగిలిన ఆ యొక్క కత్తియు మొద్దుబాఱుచున్నదేమో, రోగులు చావకమునుపే తెలిసికొనుటకిది యొక మార్గము.

మేము మఱల నడిగితిమి: "అది ఎవరిదో తెలియునా?"

"తెలియదు. లక్షలమంది నీరొకటిగా కలిసినపిమ్మట ఎవరి పేరును అందులో నుండదు. ఊరిలో నున్నదని మాత్రము తెలియును."

ఈ మాట మాకు మందువలె పనిచేసినది. మేము కాగితము దాచినది దేనికి? పేరు బయటపడునని. గడప త్రొక్కరని. కాలువ ఎవరి పేరును చెప్పకయే ఊరికంతకును హెచ్చరిక చెప్పుచున్నది. ఆ హెచ్చరిక విన్న ఆసుపత్రులు, క్రొత్తగా చేరు రోగుల చర్మమును పరీక్షించి, ఉన్నవారికి వేఱు గదియిచ్చి, పరికరములను బ్లీచింగుద్రవముతో తుడిచి, చేతులు కడుగుకొనుటలో నేమఱుపాటు లేక మెలగినచో, మావంటి పిఱికివారు దాచినను ప్రక్కమంచపువారు బ్రదుకుదురు.

ఇది పరదేశపు ముచ్చట యని తోసివేయకుడు. మన హైదరాబాదునందే ఇట్టి పని జరిగియున్నది. 2016లో అంబరుపేట మురుగునీటిలో టీకానుండి మాఱిన రెండవరకపు పోలియోక్రిమి కనబడినది. పిల్లలలో నొక్కరికైనను ఆ వ్యాధి వచ్చినట్లు తేలలేదు. అయినను ప్రభుత్వమువారు ఆలసింపక, జూను 20వ తేదీ మొదలుకొని సుమారు మూడులక్షలమంది బిడ్డలకు పోలియో సూదిమందు వేయించిరి. కాలువమాట విని కాలు కాపాడుకొనుట యనగా నిదియే. 2020లో కోవిడుకాలమున అదే నగరములోని సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి. శాస్త్రజ్ఞులు మురుగుశుద్ధి కేంద్రముల నీటిని పరీక్షించి, నగరమున సుమారు 6 లక్షల 60 వేలమందికి ఆ వ్యాధి సోకియుండునని ఆగస్టునెలలో అంచనా కట్టిరి. పరీక్ష చేయించుకొననివారి సంగతియు కాలువ చెప్పినదన్నమాట.

అయితే కాలువమాటకును హద్దులు కలవు. చచ్చిన శిలీంధ్రముయొక్క జన్యులిపియు నీటిలో కనబడవచ్చును. కావున ఉన్నదనినంతనే ఊరంతయు జబ్బుపడినదని గుండె బాదుకొనరాదు. కనబడనంతమాత్రమున లేదని ధైర్యముగా నుండరాదు. పెద్ద ప్రవాహములో కొద్దిపాటిది కలిసిపోవును. అందుచేత ఆసుపత్రి గోడదాటి వచ్చినచోటనే నీరు పట్టి చూచినచో మాట మఱింత స్పష్టముగా వినబడును. అన్నిటికంటె పెద్ద హద్దు మఱియొకటి. మా యింటి నీరు ఏ శుద్ధికేంద్రమునకును పోదు. పెరటిలోని సెప్టిక్ గుంటలోనికి పోవును. మావంటి యూళ్లలో నింటింటికి నొక గుంటయే. గుంట పలికినను వినువారెవ్వరు?

ఇంకొక మాట. మందునకు లొంగని బూజును మనము సయితము పెంచుచున్నాము. తామర లేచినదనగనే అంగడివాని నడిగి, స్టెరాయిడు కలిసిన పూతమందు తెచ్చి రాచుకొందుము. దురద తగ్గగనే మానుదుము. మన దేశమున తామరయే యిప్పుడు పెక్కుచోట్ల మందునకు లొంగక వైద్యులను వేధించుచున్నది. అది వేఱు జాతి శిలీంధ్రమే యైనను నేర్పు పాఠ మొక్కటే. వైద్యుడు చెప్పని మందు వాడకుడు. చెప్పిన మందు నడుమ మానకుడు.

మా యత్తగారిప్పుడు కఱ్ఱ పట్టుకొని నడుచుచున్నారు. ఇంటిలో మేము వేఱు తువాలు వాడుచు, ఆమెను తాకినపిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొందుము, అంతకుమించి దూరముంచలేదు. పిల్లలు ఆమె మంచముమీదనే కూర్చుండి కథలు చెప్పించుకొందురు. మొన్న మా వారు ఈ కాలువకథ యామెకు వినిపించిరి. ఆమె సాంతము విని, "నా స్నానపునీరుకూడ అట్లు చెప్పునా?" అని యడిగెను.

"మీ పేరు చెప్పదత్తయ్యా" అంటిమి.

"పేరు చెప్పినను నాకేమి? ఆ ప్రక్కమంచపామెకు తెలిసియుండిన చాలును గదా!" అనెను. మేము తలయెత్తలేకపోతిమి. మడియనగా నితరులను దూరముంచుట యని ఆమెనుగూర్చి మేమింతకాల మనుకొన్నది పొరపాటని యా మాటతో తెలిసినది.

సోదరీమణులారా, మన ఊళ్ల కాలువలకు చెవియొగ్గువారు రావలెనని పురపాలకసంఘములవారిని, ఆసుపత్రులవారిని మనము కోరుదము. వారు వచ్చువఱకు నీటిబదులు మనమే నోరు విప్పవలెను. మీ యింటివారి నెవరినైనను ఒక యాసుపత్రినుండి మఱియొక యాసుపత్రికి మార్చినపుడు, వారికేమి సోకినదో, ఏ మందునకు లొంగలేదో తెలుపు కాగితమును అన్నిటికంటె పైన పెట్టి యిండు. దానిని మొదట చదివించి, పిమ్మటనే మంచ మడుగుడు. మా యింట ఆ కాగిత మిపుడు ఆదిపర్వములో లేదు. అత్తగారి మందులపెట్టె మూతకు లోపలివైపున, తెఱచినవారికెల్ల కనబడునట్లు అతికించియున్నది. అతికింపుమని చెప్పినది ఆమెయే.